నూలును తరగతిలోనికి రానిండు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని లలితకళాశాఖలయందు చిత్రలేఖనమును, శిల్పమును బోధించుచున్న ఆచార్యులకు,



కళాశాల ప్రవేశపరీక్షయందు విద్యార్థిచేతికి మొట్టమొదట వచ్చునది పెన్సిలు. ఎదుట నొక కూజాయో, నాలుగు పండ్లో యుంచి గీయుమందురు. లేదా జ్ఞాపకమునుండి సంతదృశ్యమునో, పెండ్లిపందిరినో గీయుమందురు. ఆ గీతలోని చేవనుబట్టి వాడు కళావిద్య కర్హుడగునో కాడో నిర్ణయింతురు. సిరిసిల్లనుండియో, చీరాలనుండియో, వెంకటగిరినుండియో బయలుదేరి మీ గుమ్మమున నిలిచిన నేతకుటుంబపు బిడ్డ, పెన్సిలు పట్టకమునుపే కండెలు చుట్టి, పడుగులో దారము తెగినచోట చూడకుండగనే వ్రేలికొనతో ముడివేయ నేర్చినవాడు, తన చేతికి తెలిసిన విద్య నా పరీక్షయందెక్కడ చూపవలెనో తోచక, అందరితోపాటు కూజానే గీసి వెడలిపోవును. వాని గీత బలహీనమైనచో వాని చేయియే బలహీనమని తలంచుట న్యాయముగ లేదని మీకు విన్నవించుటకే ఈ లేఖ.

వానిపక్షమున మాటాడుటకు నేను తెచ్చిన సాక్ష్యము దూరదేశపుది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఒహాయో రాష్ట్రమందలి లైమా పట్టణమున 1956లో జన్మించి, నూలుతో మొదలిడి, గదులను గిడ్డంగులను నాటకశాలలను కృతులుగ మలచి, 2001లో తన రాష్ట్రపు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నధిష్ఠించిన యాన్ హామిల్టన్ జీవితమును మీ ముందుంచుచున్నాను. 1993లో మెకార్థర్ సత్కారము, 1999లో వెనిస్ ద్వైవార్షిక కళోత్సవమున స్వదేశప్రాతినిధ్యము, 2014 సంవత్సరపు జాతీయ కళాపతకము, ఇవి మీలో పెక్కుమంది యెరిగినవే గనుక వానిని విస్తరింపను. నాకు పనికివచ్చునది ఆమె చదువు నడచిన క్రమము.

బాల్యమున అవ్వ ప్రక్కన కూర్చుండి, ఆమె బిగ్గరగ చదువుచున్న పుస్తకమును వినుచు, చేతులతో అల్లికపని సాగించిన రోజులను హామిల్టన్ తన సంభాషణలలో తలచుకొనుచుండును. చెవి కథవెంట పోవుచుండగ చేయి తనపని తాను చేసికొనిపోవుట ఆమెకు మొదటి పాఠశాల. పిమ్మట కేన్సస్ విశ్వవిద్యాలయమున 1979లో వస్త్రరచనయందు పట్టమును, ఆపైని యేల్ విశ్వవిద్యాలయమున 1985లో శిల్పమునందు ఉన్నతపట్టమును పొందెను. ముందు వస్త్రము, వెనుక శిల్పము; మనయొద్ద శిల్పవిద్యార్థి వస్త్రమునకు వచ్చుటయే అరుదు, వస్త్రవిద్యార్థిని శిల్పశాలకు రానిచ్చుట మరియు నరుదు. ఆమె శిల్పశాలలో నడుగిడినపుడు మగ్గమును బయటనే దింపి వచ్చినదని యెవరైన ననుకొనినచో, యేల్‌లో నుండగ 1984లో చేసిన కృతి నొకసారి చూడవలెను. పురుషులు ధరించు కోటును లాగును తీసికొని, దానిపై వేలకొలది పండ్లుకుట్టుపుల్లలను నిలువున గ్రుచ్చి, ఏదుపందిముండ్లవలె నిక్కబొడుచుకొనిన ఆ దుస్తును తానే తొడుగుకొని నిలుచున్నది. అందు దారములేదు, నేతలేదు. కాని ఒక్కొక్కటిగ నెందుకును కొరగాని అల్పవస్తువును వేలమారులు పక్కపక్కన చేర్చి యొక తలమును పుట్టించుట నేతగాని బుద్ధియే. పేకను ఒకసారి త్రోసినంత మాత్రమున గుడ్డ పుట్టదని యెరిగిన చేతికి, పుల్లలైననేమి, నాణెములైననేమి?

నాణెములనుట ఊరక కాదు. 1989లో సాన్ ఫ్రాన్సిస్కోలోని కాప్ స్ట్రీట్ సంస్థవా రామెకొక ప్రదర్శనకు ద్రవ్యమిచ్చిరి. ఆ ద్రవ్యములో 7,500 డాలర్లను ఆమె ఒక్కసెంటు నాణెములుగ మార్పించి, ఆ 7,50,000 రాగిబిళ్ళలను తేనె పూసిన నేలపై చేతులతో పరపించెను. గదివెనుక దడిలో మూడు గొఱ్ఱెలుండెను. వానికిముందు ఒక మనిషి ఒడిలో తేనెనిండిన ఉన్నిటోపీ నుంచుకొని, అందులో చేతులుముంచి పిసుకుకొనుచు దినమంతయు కూర్చుండెను. ఇన్‌స్టలేషన్ అని మీరు పిలుచు నీ ప్రక్రియయందు గదియే కృతి, లోనికి వచ్చినవాడు కృతిలో నొక భాగము. గడువు ముగిసినంతనే అంతయు విప్పివేయబడును, ఇంటికి కొనిపోయి గోడకు తగిలించుకొనుట కేమియు మిగులదు. ఇట్టికళను నమ్ముకొనిన మనిషికి భుక్తి యెట్లు గడచునని మీ విద్యార్థి యడుగకపోడు. ఆమె 1985 మొదలు 1991 వరకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాంతా బార్బరా శాఖలోను, పిమ్మట ఒహాయోలోను అధ్యాపకురాలుగ నుండెనని చెప్పుడు. తనకిచ్చిన ధనమునే నేలపై పరచి దాని రంగును వాసనను జనులచేత చూపించిన కృతి, కళాకారుని జీతబత్తెములనుగూర్చి నేను చూచిన చర్చలన్నిటికంటె తిన్నని చర్చ.

ఇక మనవారికి, అందును రాయలసీమవారికి, ఆమె కృతులలో మిక్కిలి దగ్గరగ రావలసినదాని ప్రసంగమునకు వత్తును. 1991లో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున చార్ల్స్‌టన్ నగరమందు, స్పొలేటో అను కళోత్సవముతో గూర్చి మేరీ జేన్ జాకబ్ అను కళాప్రదర్శకురాలు ఊరిపాతబడిన యిండ్లలో గిడ్డంగులలో ఒక ప్రదర్శన నేర్పరచెను. హామిల్టన్ పింక్నీ వీధిలోని పాత గ్యారేజి నొకదాని నెన్నుకొని, కర్మాగారపు కూలీలు తొడిగి విడిచిన నీలిచొక్కాలను, నీలిలాగులను 14,000 పౌనుల బరువున, అనగ ఆరు టన్నులకు పైబడి సేకరించి, మడతపెట్టించి, నడిమిభాగమున ఒక దిమ్మవలె పేర్పించెను. చాకలిమూటవలె కుప్పగ పోయించినది కాదు. అంచుకు అంచు కలిపి, పెట్టెలో పట్టుచీరను మడతవెట్టినంత శ్రద్ధతో మడచిన దొంతరలు. ఆ దిమ్మవెనుక చిన్నబల్లయొద్ద ఒకరు కూర్చుండి, పాతపుస్తకమొకటి తెరచి, రబ్బరుముక్కను ఉమ్మితో తడిపి, చివరిపుటనుండి మొదటిపుట వైపునకు, అచ్చుపడిన పంక్తుల నొక్కొక్కటిగ తుడిచివేయుచుండిరి. సాయంకాలమునకు బల్లపై మిగులునది గులాబిరంగు రబ్బరుపొట్టు, అందులో కలిసిన నల్లని సిరా. కాగితము చినుగకుండ అక్షరము మాత్రమే పోవునట్లు రుద్దుట కెంత ఓర్పు వలయునో మీలో ఎచింగ్ ముద్రల పనిచేసినవా రూహింపగలరు.

దానికి ఆమె పెట్టిన పేరు 'ఇండిగో బ్లూ'. చార్ల్స్‌టన్ నగరపు భాగ్యములో నీలిమందుకు పెద్దపాలున్నది. 1740 ప్రాంతమున ఎలైజా లూకస్ అను యువతి తన తండ్రి తోటలలో నీలిపంటను నిలదొక్కుకొనునట్లు చేసెను. ఆమెయే తరువాత పింక్నీ వంశపు కోడలయ్యెను. ఆ పంటను కోసినవారు, కుళ్ళు కంపుకొట్టు తొట్లలో నానవైచి చిలికినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలు. బ్రిటిషు ప్రభుత్వ మిచ్చిన ప్రోత్సాహధనముతో ఆ వర్తకము పెరిగెను. అమెరికా స్వతంత్రమైన పిదప ఆ ధనము నిలిచిపోగ కెరొలైనా నీలి క్షీణించి, వర్తకుల దృష్టి భారతదేశమువైపు మరలెను. వంగదేశపు నీలిరైతుల గోడు పాఠ్యపుస్తకములకెక్కినది. అయితే, 19వ శతాబ్దమున లండను బజారులో 'కుర్పా' అను పేరుతో వేలము వేయబడిన నీలి మన కడపదను మాట కడపజిల్లా కళాశాలలలోనైనను ఎందరు విద్యార్థులకు చెప్పబడుచున్నది? 1897లో జర్మనీవారి రసాయనపు నీలి బజారులోనికి దిగిన పిదప ఆ తొట్లు ఎండిపోయినవి. అమెరికాలో ఒక కళాకారిణి పేర్చిన నీలిగుడ్డల దిమ్మకు రెండవపార్శ్వము మన పెన్నాతీరమున నున్నది. ఆ పార్శ్వమును పేర్చుటకు ఆమె రానక్కరలేదు, మీ విద్యార్థియే చాలును; కాని నూలన్నను రంగన్నను వానికి మీ శాలలో చోటు దొరకవలెను గదా!

1993లో న్యూయార్కునందలి దియా కళాకేంద్రమున ఆమె చేసిన 'ట్రోపోస్' యందును ఇదే పొందిక. విశాలమైన గచ్చునేలమీద గుర్రపు వెండ్రుకలను కుట్టి పరపించెను. కాలు పెట్టినచోట చిక్కుపడునట్టి ఆ జూలునడుమ ఒంటరిబల్లయొద్ద ఒకరు పుస్తకము చదువుచు, చదివినపంక్తిని చదివినట్లే కాలెడి కడ్డీతో కాల్చుచుండిరి. పొగ పైకిలేచి గదియందు వ్యాపించుచుండెను. ఎక్కడినుండియో మాట పడిపోయిన మనిషి యొకడు చదువ యత్నించుచు తడబడుచున్న గొంతు వినవచ్చుచుండెను. అవ్వప్రక్కన కూర్చుండిన బాలికను మరల చూచుచున్నట్లుండుట నా భ్రమ కాదనుకొందును: చేతికి పని, చెవికి మాట. ఈ రెంటి పెనవేతనుండి ఆమె యెన్నడును విడివడలేదు. పడుగు మాట, పేక పని యైనట్లు నడచినవి ఆమె కళాజీవితపు నలుబది సంవత్సరములును.

ఆమె రంగస్థలమునకు వచ్చినపుడు ఆశ్చర్యపడినవారు లేకపోవుట కదియే హేతువు. గదిలో దినమంతయు కూర్చుండి పుస్తకము తుడుచు మనిషి నటుడా, కూలివాడా యను ప్రశ్న అంతకుముందే లేచియుండెను. 2001లో గాయనియు, స్వరకర్తయు, నృత్యరచయిత్రియునగు మెరెడిత్ మంక్‌తో గూడి 'మెర్సీ' యను రంగకృతిని రచించెను. ఆ యేడే ఆమె నోటిలో నొక చిన్న సూదిబెజ్జపు కెమెరా నుంచుకొని మనుష్యుల కెదురుగ నిలిచి చిత్రములు తీసెను: పెదవులు తెరచినంతసేపే వెలుగు లోపలికి పోవును, మూసినంతనే చిత్రము ముగియును, ఎదుటివాని ముఖము పెదవుల అంచుల నడుమ కంటిపాపవలె నిలుచును. మాటలు పుట్టుచోటను చూపుపుట్టుచోటుగ చేయుట కవిచేయవలసిన పని, ఆమె చేతిపనిగ చేసెను. పిమ్మట ఆన్ బోగార్ట్ నడపిన సిటి నాటకసమాజముతో, వర్జీనియా వుల్ఫ్ రచించిన 'టు ద లైట్‌హౌస్' నవల నాధారము చేసికొని, 2015లో ఒహాయోలోని వెక్స్‌నర్ కేంద్రమున ఒక ప్రయోగము చేసెను. అందు ప్రేక్షకులు కుర్చీలలో కదలక కూర్చుండక, నాటకశాలలోని పలుతావులకు నడపబడి, తుదకు నటులు నిలువవలసిన వేదికపైకే చేరుదురు. ఆ వెక్స్‌నర్ కేంద్రము ఆమె పాఠముచెప్పిన విశ్వవిద్యాలయపు ఆవరణలోనిదే. శాలకును రంగమునకును నడుమ నామె నడువవలసినదూరము మీ శాఖలకు నడుమగల దూరముకంటె నెక్కువ యని నేననుకొనను. హైదరాబాదు విశ్వవిద్యాలయమున సరోజినీనాయుడు కళాశాలయందు చిత్రకళయు, నాటకమును, నృత్యమును ఒకే కప్పుపేర నున్నవి గదా!

2012 డిసెంబరునుండి మరుసటి జనవరి మొదటివారమువరకు న్యూయార్కులోని పార్క్ ఎవెన్యూ ఆర్మరీయందు జరిగిన 'ది ఈవెంట్ ఆఫ్ ఎ థ్రెడ్' కృతినిగూర్చి అందరును ప్రశంసించుటయే విన్నాను, నేను కొంచెము వేరుగ పలుకుదును. సైనికుల కవాతునకై కట్టబడిన 55,000 చదరపుటడుగుల ఆ మహాశాల నడుమ తెల్లని పట్టుతెరను వ్రేలాడదీసి, దానిని మోకులతో కప్పీలతో 42 ఊయెలలకు సంధించిరి. ఊయెల ఊగినకొలది తెర లేచును, పడును, అలలెత్తును. ఎవడో తెలియనివాని కాలివిసురు నీ తలపైనున్న పట్టును కదలించును. ఒకకొనయందు ఉన్నికండువాలు కప్పుకొనినవారు ఇద్దరు పంజరములలోని పావురములకు పొడవాటి కాగితపుచుట్టలనుండి చదివి వినిపించుచుండిరి. ఆ చదువు కాగితపుసంచులలో నమర్చిన రేడియోలద్వారమున శాలయంతట తిరుగుచుండెను. రెండవకొనయందు ఒకరు వ్రాయుచు కూర్చుండిరి. ప్రొద్దుక్రుంకువేళ మేడనుండి ఒకరు పాడిన పాటను అక్కడికక్కడ గ్రామఫోను పళ్ళెముపై చెక్కి, మరునాటి యుదయమున వినిపించుచుండిరి. ఆ కృతి పేరునకు మూలము ఆనీ ఆల్బర్స్. బౌహౌస్ కళావిద్యాలయమున నేతశాల విద్యార్థినియై, జర్మనీవిడిచి అమెరికాలో బ్లాక్ మౌంటెన్ కళాశాలయందు పాఠముచెప్పి, బ్రిటానికా విజ్ఞానసర్వస్వమునకు చేనేతనుగూర్చి వ్యాసమువ్రాసిన గురువు. అన్నియు బాగున్నవి. అయినను ఊయెలలును పట్టుతెరయు నెదుటనుండగ పావురములకు చదివినదాని నెవరు వినిరి? జనులు తెరక్రింద వెల్లకిల పరుండి ఆనందించిరి. నేనైనను అటులే చేసియుందును. కాని చార్ల్స్‌టన్ గ్యారేజిలో ఒక్క రబ్బరుముక్క సాధించిన ఏకాగ్రతను ఆ మహాశాల సాధింపలేదని నా యభిప్రాయము. పరిమాణము పెరిగినకొలది చేతిపని అలంకారమగు ప్రమాద మున్నది, అంత గొప్ప చేతికిని.

మరియొక సందేహమును మీయెదుట దాచను. తుడుచుట, పరచుట, పిసుకుట, పేర్చుట, ఈ మరల మరల చేయు పనియందు హామిల్టన్ ధ్యానమును చూచును. పోచంపల్లి, పుట్టపాక ప్రాంతపు స్త్రీలు ఏమి చూతురు? ఇక్కత్తు చీరకు ఆసుపోయునపుడు, అర్ధచంద్రాకారపు చట్రముపై వరుసగ నమర్చిన మేకులచుట్టు దారమును పైకి క్రిందికి త్రిప్పుచు, ఒక్కచీరకు దాదాపు 9,000 మారులు చేయి చాచవలెను. తల్లి భుజమునొప్పి చూడలేక ఆలేరు దాపున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం సంవత్సరములతరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి లక్ష్మి పేరుపెట్టుకొనెను. 2017లో పద్మశ్రీ పొందెను. ప్రదర్శనశాలలో పుస్తకము తుడిచినవారికి వంతు ముగిసినపుడు లేచిపోవుటకు స్వేచ్ఛ కలదు. ఆసుముందు కూర్చుండిన తల్లికి అది లేదు. ఈ భేదమును మరచి చేతిపనిని పూజించుట నాకు సమ్మతము కాదు. అట్లని హామిల్టన్ కళను త్రోసిపుచ్చజాలను; ఏలయన, ఆరు టన్నుల కూలిబట్టలను మడచి నడుమ నిలిపినపుడు, ఆ భేదమునే ఆమెయు చూపుచున్నదని తోచును. ఈ వాదమున కుత్తరము వ్రాయవలసినవాడు మల్లేశం యంత్రపుచప్పుడు వినుచు పెరిగిన విద్యార్థి. వానిని మీరు కూజా గీయుమని పంపివేయుచున్నారు.

అధ్యాపకురాలుగ హామిల్టన్ యేమి చేసినదనుటకు నేను తరగతులలో కూర్చుండినవాడను కాను. కాని ఆమె బోధించిన విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున, పఠనమందిరపు నేల ఆమె కృతియే. బెండుపలకలపై అక్షరములు ఉబికియుండునట్లు చేసిన ఆ నేలమీద విద్యార్థులు ప్రతిదినమును నడచుచు, కుర్చీలు జరుపుకొనుచు, పాదములక్రింద మాటలను త్రొక్కుచు చదువుకొందురు. ఉపన్యాసము వినని విద్యార్థికిని పాఠము తగులు తెరువది.

నూలును కళాశాలలోనికి తెచ్చుట మనదేశమున జరుగని పనియా యన్నచో, జరిగినది. చిత్రకారుడును అధ్యాపకుడునగు కె. జి. సుబ్రహ్మణ్యన్ 1959 మొదలు 1961 వరకు అఖిలభారత చేనేతబోర్డున పనిచేసి, బరోడాకు మరలివచ్చి, నేతను బొమ్మలను ఆటవస్తువులను చిత్రకళాశాలలోనికి తెచ్చెను. ఆయన శిష్యురాలు మృణాళినీ ముఖర్జీ జనుపదారమును చేతితో ముడులువేసి, మగ్గమైనను లేకుండ, నిలువెత్తు దేవతలవంటి రూపములను నిలిపెను. 2015లో ఢిల్లీ జాతీయ ఆధునికకళా సంగ్రహాలయమున ఆమె సమగ్రప్రదర్శన తెరచిన కొలదిదినములకే ఆమె మరణించెను. 2019లో న్యూయార్కు మెట్రొపాలిటన్ కళాసంగ్రహాలయమువారు ఆ ముడులకు పెద్దప్రదర్శన కల్పించిరి. తండ్రి వినోదబిహారీ ముఖర్జీ యంతటి చిత్రకారుడైనను, ఆమె చేయి గురువుచూపిన దారమునే పట్టుకొనినది.

కావున నా విన్నపము చిన్నది. ప్రవేశపరీక్షయందు పెన్సిలుతోడ నొక నూలుచిలపను, కొంత జనుపత్రాటిని బల్లపైనుంచుడు; ఇష్టమైనవాడు దానితో పరీక్ష వ్రాయును. మొదటి సంవత్సరమున శిల్పవిద్యార్థిచేత నేలమగ్గముపై ఒక మూరెడు గుడ్డ నేయించుడు, నేర్పుటకు నేతకారుని పిలిచి, ఆయనకు సందర్శకాచార్యునకిచ్చు గౌరవమును పారితోషికమును ఇండు, దినకూలి కాదు. నాటకశాఖవారితో గూడి యేటికొక కృతిని చేయించుడు. తెరలు కట్టుట, మోకులు లాగుట, దీపములు సవరించుట మీవారికి అవమానము కాదని వారికి తెలియనిండు. మీ కాన్వాసులలెక్కతో పోల్చినచో నూలుకయ్యెడి వ్యయ మత్యల్పము. పిలువదగిన నేతకారుల పేర్లు కావలసినచో మీ విద్యార్థుల నడుగుడు, వారిలో నొకరిద్దరి తండ్రులే యుందురు.

ఇట్లు,
మీ విధేయుడగు ఒక పాఠకుడు